కట్టని చీర బీరువాలో చిరగకుండా: మన తీరపు తేమలో పట్టు, నేత చీరలు దాచుకోవడం ఎలా

"ఒక్కసారే కట్టానండి, మళ్లీ తీసి చూస్తే మడత దగ్గర చీలిపోయింది." "జరీ నల్లబడింది, ఏం రాస్తే పోతుంది?" "ఎంత ఎండలో వేసినా ముక్క వాసన వదలట్లేదు." శ్రీకాకుళం, విజయనగరం వైపు చీరల గురించి నన్ను అడిగేవాళ్లు తిప్పితిప్పి ఈ మూడే అడుగుతారు. మూడింటికీ మూలం ఒకటే. మన దగ్గర చీర ఒంటి మీద పాడయ్యేది తక్కువ, బీరువాలో పాడయ్యేదే ఎక్కువ. చెమట ఆరకుండా మడత పెట్టేస్తాం. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచేస్తాం. ప్లాస్టిక్ కవర్లో మూసేసి జాగ్రత్త చేశామనుకుంటాం. బారువ, కళింగపట్నం, పూసపాటిరేగ లాంటి సముద్రం పక్క ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. లోపల ఉన్న రాజాం, బొబ్బిలిలో కూడా వానాకాలం వస్తే గోడలు చెమ్మగిల్లుతాయి. పొడి ప్రాంతాల వాళ్లు చెప్పే జాగ్రత్తలు మనకు సగమే పనికొస్తాయి. మిగతా సగం ఇక్కడ చెబుతాను.

కావలసినవి

ఇందులో కొనాల్సినవి చాలా తక్కువ.

- పాత తెల్ల పంచెలు లేదా తెల్ల మల్లు గుడ్డ. గంజి, నీలిమందు ఏమీ లేకుండా రెండుసార్లు ఉతికి బాగా ఆరినవి కావాలి. రంగు గుడ్డ వద్దు.
- మెత్తటి బ్రష్. చిన్నపిల్లల జుట్టు దువ్వేది సరిపోతుంది.
- కుంకుడుకాయలు, లేదా పట్టు, ఉన్ని బట్టల కోసం అమ్మే లిక్విడ్.
- సెంటు లేని టాల్కం పౌడరు, లేదా మొక్కజొన్న పిండి.
- రెండు పెద్ద తువ్వాళ్లు.
- వస కొమ్ము, లవంగాలు, వట్టివేరు, వీటిలో ఏదైనా. పెట్టడానికి చిన్న గుడ్డ సంచులు.
- సిలికా జెల్ పొట్లాలు. కొత్త చెప్పుల డబ్బాల్లో, బ్యాగుల్లో వచ్చేవి దాచుకున్నా చాలు.
- వీలైతే గదిలో తేమ ఎంతుందో చూపించే చిన్న మీటరు. తప్పనిసరి కాదు. ఉంటే మాత్రం అంచనాల మీద ఆధారపడక్కర్లేదు.

1. మీ దగ్గరున్నది ఏ చీరో ముందు తేల్చుకోండి

పట్టుకు చేసే పని నూలుకు చేయకూడదు, నూలుకు చేసేది పట్టుకు చేయకూడదు. కొంగు చివర కుచ్చుల్లోంచి ఒక పోగు లాగి, చీరకు దూరంగా వెళ్లి గిన్నె మీద పట్టుకుని కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, మసి వేళ్ల మధ్య నలిగి పొడైతే అది పట్టు. కాగితం కాలిన వాసన వస్తే నూలు. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే పాలియెస్టర్. దానికి ఇంత శ్రమ అవసరం లేదు.

జరీ పోగు ఒకటి దొరికితే గోటితో మెల్లగా గీకండి. అసలు జరీ అంటే ఎర్ర పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది, కాబట్టి లోపల ఎర్రదారం కనిపిస్తుంది. రాగి రంగు బయటపడితే అది రాగి తీగ మీద పూత వేసిన రకం. మెరిసే సన్నటి రేకులా ఊడి వస్తే ప్లాస్టిక్ జరీ. అసలు జరీ, రాగి జరీ రెండూ తేమకు, గంధకానికి నల్లబడతాయి. ప్లాస్టిక్ జరీ నల్లబడదు గానీ ఇస్త్రీపెట్టె తగిలితే ముడుచుకుపోతుంది.

గద్వాల లాంటి చీరల్లో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఇలాంటి వాటిని పట్టుచీర కిందే లెక్కేసుకోండి. నానబెడితే నూలు కుంచించుకుపోయి, అంచు అలాగే ఉండిపోయి, చీరంతా ముడతలు తేలుతుంది. ఆ ముడత మళ్లీ ఇస్త్రీకి లొంగదు.

2. కట్టి విప్పిన రాత్రి చేయాల్సింది

మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. పెళ్లి నుంచి వచ్చి అలసిపోయి మంచం మీద పడేస్తాం, పొద్దున్నే మడిచి లోపల పెట్టేస్తాం. ఆ ఒక్క రాత్రి శ్రద్ధ పెడితే మిగతా పనులు సగానికి తగ్గుతాయి.

ముందు పిన్నులన్నీ తీయండి. భుజం మీద పిన్ను, కుచ్చిళ్ల పిన్ను, ఫాల్ దగ్గర మర్చిపోయిన పిన్ను. మన గాలికి పిన్ను తొందరగా తుప్పు పడుతుంది. ఆ తుప్పు మరక పట్టు మీద నుంచి ఇంట్లో తీసే దారి లేదు.

చీర తిరగేసి, లావాటి కర్ర మీదో, గుడ్డ చుట్టిన దండెం మీదో వెడల్పుగా పరిచి, ఫ్యాను కింద తెల్లవార్లూ వదిలేయండి. సన్నటి తాడు మీద వేస్తే తాడు గీత పడుతుంది. ఇనుప తీగ అసలే వద్దు. స్నానాలగది తలుపు మీద వేసే అలవాటు మానుకోండి, అక్కడ ఆరదు సరికదా ఇంకాస్త తేమ పీలుస్తుంది. అంచుకు అంటిన మట్టి ఆరాక బ్రష్‌తో కిందికి దులపండి. తడి మట్టిని రుద్దితే దారాల్లోకి దిగుతుంది.

ఆరిందో లేదో చూసేది ఇలా: నడుము దగ్గర దోపిన భాగం, చంక దగ్గర తగిలిన భాగం, ఈ రెండింటినీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మామూలు గుడ్డలా తగిలేదాకా మడత పెట్టకండి. ముసురు పట్టిన రోజుల్లో ఒక రాత్రి చాలదు, రెండో రాత్రి కూడా వదిలేయండి.

దీపావళికి బాణసంచా పొగలో తిరిగిన చీరనైతే రెండు రోజులు గాలికి ఉంచండి. ఆ పొగలో గంధకం ఉంటుంది, జరీకి అది శత్రువు. సెంటు, బాడీ స్ప్రే కొట్టుకోవాలనుకుంటే చీర కట్టకముందే కొట్టుకుని, ఆరాక కట్టండి.

3. మరకలు అదే రాత్రి, కానీ రుద్దకుండా

మరక చూడగానే తడిగుడ్డతో గట్టిగా తుడవడం అందరూ చేసే తప్పు. అలా రుద్దితే పట్టు మెరుపు పోయి అక్కడ తెల్లటి చార నిలిచిపోతుంది. మరక పోయినా చార పోదు.

నూనె, నెయ్యి, దీపం చమురు: పొడిగుడ్డతో అద్ది, పౌడరు మందంగా చల్లి, రాత్రంతా వదిలేసి, పొద్దున బ్రష్‌తో దులపండి. మరక మిగిలితే మళ్లీ చల్లండి. ఓపికగా మూడు నాలుగుసార్లు చేస్తే చాలా వరకు పోతుంది. నీళ్లు తగలనివ్వకండి.

కుంకుమ, పసుపు పొడి: ఊదండి, దులపండి. వేలితో తుడిస్తే అక్కడే అతుక్కుంటుంది. పసుపు తడిగా అంటుకుంటే సబ్బు వేయకండి. సబ్బు తగలగానే ఎర్రగా మారి కంగారు పెడుతుంది. నూలు చీరైతే చల్లటి నీళ్లతో జాడించి, ఆ మరక ఉన్నచోటే కాసేపు ఎండ తగలనివ్వండి, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. పట్టుచీరైతే డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు ఇది పసుపు అని చెప్పి ఇవ్వండి.

టీ, కాఫీ, పాయసం: తెల్లగుడ్డ తడిపి గట్టిగా పిండి, మరక చుట్టూ మొదలుపెట్టి లోపలికి అద్దుతూ రండి. లోపలి నుంచి బయటికి అద్దితే మరక పెద్దదవుతుంది.

మైనం: ఐసు ముక్కను కవర్లో పెట్టి దాని మీద ఆనించండి. గట్టిపడ్డాక గోటితో లేపండి.

ఏ మరకైనా మూడో రోజుకు పోలేదంటే ఇంట్లో ప్రయోగాలు ఆపేయండి. నిమ్మకాయ, తినే సోడా, బ్లీచింగ్ పౌడరు, ఇలా ఒకదాని మీద ఒకటి పూసిన చీరను షాపువాళ్లు కూడా ఏమీ చేయలేరు. బ్లీచింగ్ పట్టుదారాన్నే తినేస్తుంది.

4. పట్టుచీర ఇంట్లో ఉతకొచ్చా?

కొన్నింటిని ఉతకొచ్చు. బరువైన జరీ, ఒంటికీ అంచుకూ వేర్వేరు ముదురు రంగులు, వెనకవైపు వదులు పోగులున్న పని, పాతబడి పలచబడ్డ చీర, వీటిని ఉతక్కండి. సన్న అంచు, ఒకే రంగు, కొత్తగా గట్టిగా ఉన్న చీరైతే పర్వాలేదు. ఉప్పాడ జాందానీ చీరల మీద పువ్వులు పోగుపోగు చేత్తో నేసినవి. గోరు, గాజు, ఉంగరం తగిలినా పోగు లేస్తుంది. వాటిని నేనైతే ఇంట్లో ఉతకమని చెప్పను.

ముందు రంగు పరీక్ష. లోపల దోపుకునే చివర, అంచులో, కొంగులో, మూడుచోట్లా తడి తెల్లగుడ్డను ఒక నిమిషం ఒత్తి పట్టుకోండి. గుడ్డకు రంగు అంటితే ఇక అక్కడితో ఆపి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. "ఉప్పు వేస్తే రంగు నిలుస్తుంది కదా" అంటారు. ఉప్పు ఆ ఒక్క ఉతుకులో కొన్ని రకాల రంగు దిగడాన్ని కాస్త తగ్గిస్తుందేమో గానీ, కారే రంగును శాశ్వతంగా నిలపదు. ఉప్పును నమ్మి ఎర్ర అంచున్న తెల్లచీరను బకెట్లో వేయకండి.

తర్వాత నీళ్లు. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానో, ఇనుముతోనో ఉంటాయి. ముందురోజు రాత్రి తెల్ల గిన్నెలో పోసి ఉంచండి. పొద్దుటికి అడుగున ఎర్రటి మడ్డి కానీ, పైన తెట్టు కానీ కనిపిస్తే ఆ నీళ్లు పట్టుకు పనికిరావు. కుళాయి నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి. ఉతకడానికి సరిపడా లేకపోతే కనీసం ఆఖరి జాడింపుకైనా మంచినీళ్లే వాడండి.

ఉతికే వరస ఇది:

అ) గాజులు, ఉంగరాలు తీసేయండి. గోళ్లు చూసుకోండి.

ఆ) కుంకుడుకాయ రసం పల్చగా తీసి రెండుసార్లు గుడ్డలో వడకట్టండి. చిన్న తొక్క ముక్క మిగిలినా మరక పడుతుంది. తెలుపు, గంధం, లేత గులాబీ లాంటి రంగులకు కుంకుడు గోధుమ ఛాయ తెస్తుంది, వాటికి లిక్విడ్ వాడండి. మామూలు సబ్బుపొడి, బట్టల సోడా పట్టుకు విషం.

ఇ) చల్లటి నీళ్లలో చీర ముంచి రెండు మూడు నిమిషాలు పైకీ కిందికీ ఆడించండి. నానబెట్టడం, బండ మీద కొట్టడం, బ్రష్ వేయడం ఏవీ వద్దు.

ఈ) నురగ పోయేదాకా నీళ్లు మార్చి జాడించండి. ఆఖరి నీళ్లు గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. రంగు, నురగ రెండూ లేకపోతే అయినట్టే.

ఉ) మెలితిప్పి పిండకండి. తువ్వాలు పరిచి, దాని మీద చీర పెట్టి చాపలా చుట్టి, చేత్తో ఒత్తండి. తువ్వాలు తడిస్తే రెండోది తీసుకోండి.

ఊ) నీడలో, గాలి తగిలేచోట, తిరగేసి ఆరేయండి. తడి చీర ఒక అరగంట కూడా ముద్దగా ఉండకూడదు. రంగు అంచు నుంచి ఒంట్లోకి దిగేది అప్పుడే.

డ్రైక్లీనింగ్ కూడా కట్టిన ప్రతిసారీ అక్కర్లేదు. గాలికి ఆరబెట్టి, మరకలు తీసుకుంటే నాలుగైదుసార్లు కట్టాక ఒకసారి చాలు. ఇచ్చేముందు చీరను వెలుతురులో పరిచి చిరుగులు, మరకలు షాపువాళ్లకు చూపించి, చీటీ మీద రాయించుకోండి.

5. నూలు చీరలు, పొందూరు ఖద్దరు

నూలు చీరలకు బీరువాలో పెద్ద ప్రమాదం గంజి. కట్టేటప్పుడు అందం ఇచ్చే ఆ గంజే దాచేటప్పుడు బొద్దింకలకూ, వెండిలా మెరుస్తూ సర్రున పాకే ఆ చిన్న పురుగులకూ తిండి. అదీకాక గంజి పెట్టిన గుడ్డ మడత దగ్గర అట్టలా విరుగుతుంది. అందుకని నెలలోపు మళ్లీ కట్టేదైతే గంజితో ఉంచండి. వేసవి అయిపోయి, మళ్లీ వేసవిదాకా తీయరనుకున్న చీరల గంజి పూర్తిగా పోయేలా ఉతికి, బాగా ఆరబెట్టి, ఇస్త్రీ లేకుండా దాచండి. గంజి పోయిందో లేదో తెలియడానికి, ఆరిన చీరను గుప్పిట్లో నలిపి వదలండి. మెత్తగా విచ్చుకుంటే పోయింది, కరకరమంటే ఇంకా ఉంది.

పొందూరు ఖద్దరు మన జిల్లాకు ఉన్న పెద్ద ఆస్తి. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో దూది చేసి, చేత్తో వడికి, చేమగ్గం మీద నేస్తారు. అంత పనితనం ఉన్న గుడ్డను వాషింగ్ మెషిన్లో వేయడానికి చేతులెలా వస్తాయో నాకు అర్థం కాదు. సన్న నూలు కావడంతో మెలితిప్పితే దారం తెగుతుంది. పది నిమిషాలు నానబెట్టి, మెత్తటి సబ్బుతో చేత్తో ఒత్తి ఉతకండి. గంజి పల్చగా, బియ్యం కడిగి అన్నం వార్చిన దాంట్లో నాలుగింతల నీళ్లు కలిపి, వడకట్టి పెట్టండి. బ్లీచింగ్ వద్దు. కొండపత్తి ఖద్దరుకు సహజంగా ఉండే లేత మీగడ రంగే దాని అందం, దాన్ని తెల్లబరచాలని చూడకండి. ఉతికేకొద్దీ ఖద్దరు మెత్తబడుతుంది, మొదటి రెండు ఉతుకులకు కాస్త కుంచించుకుంటుంది కూడా. అందుకే జాకెట్టు గుడ్డ తడిపి ఆరేశాకే కుట్టించండి. ఫాల్ కూడా అంతే. ఏ చీరకైనా ఫాల్ గుడ్డను ముందు ఒక రాత్రి నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక వేయించండి. తడపని ఫాల్ మొదటి ఉతుకుకే ముడుచుకుని అంచును పైకి లాగేస్తుంది.

6. ఇస్త్రీ

పట్టును తిరగేసి, పైన పల్చటి తెల్లగుడ్డ వేసి, తక్కువ వేడి మీద చేయండి. నీళ్లు చిలకరించకండి. బొట్టు పడినచోటల్లా వలయం మిగులుతుంది. జరీ మీద పెట్టెను నిలపకండి. దాచే చీరకు మడత గీతలు పడేలా ఒత్తి ఇస్త్రీ చేయకండి, చీర చీలేది సరిగ్గా ఆ గీతల మీదే. నూలు చీర కాస్త చెమ్మగా ఉన్నప్పుడు చేస్తే తేలిక, కానీ చేశాక గంటసేపు గాలికి వదిలి అప్పుడు లోపల పెట్టండి.

7. మడత, మూట

చేతులు కడుక్కుని తుడుచుకోండి. కొబ్బరినూనె రాసిన చేతులతో పట్టుకోకండి.

మంచం మీద తెల్ల దుప్పటి పరిచి మడత పెట్టండి. జరీ అంచు, కొంగు లోపలికి వచ్చేలా తిరగేసి మడవండి. ప్రతి మడత మధ్య పాత పంచె ముక్కను చాపలా చుట్టి పెడితే గీత పడదు, గుండ్రంగా తిరుగుతుంది. పని ఎక్కువే, అన్ని చీరలకూ చేయలేం. పెళ్లిచీర, అమ్మ ఇచ్చిన చీర, మళ్లీ దొరకని చీర, వీటికి మాత్రం తప్పకుండా చేయండి.

తర్వాత ఒక్కో చీరను ఒక్కో తెల్లగుడ్డలో చుట్టండి. గుడ్డ తక్కువైతే రెండు చీరలు, అంతకు మించి వద్దు. రబ్బరు బ్యాండుతో కట్టకండి, రబ్బరులో గంధకం ఉంటుంది, దాని పక్కన వెండి జరీ నల్లబడుతుంది. గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. ఉన్ని స్వెట్టర్లు, శాలువాల పక్కన కూడా జరీ చీర పెట్టకండి, కారణం అదే.

వద్దనేవి: షాపువాళ్లిచ్చే జిప్పు ప్లాస్టిక్ కవరు, న్యూస్‌పేపరు (సిరా అంటుతుంది, కాగితం పసుపెక్కి గుడ్డనూ పసుపెక్కిస్తుంది), రంగు కాగితం, అట్టపెట్టె. బరువు జరీ చీరలను హ్యాంగరుకు వేలాడదీయకండి. బరువుకు భుజం గీత దగ్గర దారాలు పక్కకు జరిగి పిగిలిపోతాయి. ఒకదాని మీద ఒకటి ఐదారుకు మించి పేర్చకండి. బరువైనవి కింద, జాందానీ లాంటి పల్చటివి పైన.

8. బీరువా

వాన కొట్టే వైపు గోడకు బీరువా ఆనించకండి. వేరే చోటు లేకపోతే గోడకూ బీరువాకూ మధ్య జానెడు ఖాళీ వదలండి. కింద చెక్క దిమ్మలు పెట్టి నాలుగు అంగుళాలు ఎత్తండి. అడుగు అరలో చీరలు పెట్టకండి, చెమ్మా చెదలూ ముందొచ్చేది అక్కడికే. అరల్లో తెల్లగుడ్డ పరవండి, ఇనుము కానీ చెక్క కానీ చీరకు నేరుగా తగలకూడదు.

ఒక్కో అరలో రెండు మూడు సిలికా జెల్ పొట్లాలు పెట్టండి. అవి నిండాక పనిచేయవు. రంగు మారే రకమైతే చూడగానే తెలుస్తుంది, లేకపోతే రెండు నెలలకోసారి మార్చేయండి. తేమ మీటరు ఉంటే లోపల పెట్టి చూడండి. 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు పట్టడానికి అనువైనట్టే.

పురుగులకు కలరా ఉండలు అందరూ వాడతారు. వాడాలనుకుంటే కొన్ని నియమాలు పాటించండి. చీరకు తగలకుండా గుడ్డలో కట్టి, పై అర మూలన పెట్టండి, ఆ ఆవిరి కిందికి దిగుతుంది. ఉండలున్న చోట కర్పూరం కలపకండి, రెండూ కలిస్తే కరిగి నీరుగారి చీరకు మరక పడుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అయితే అసలు వద్దు. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. కలరా ఉండలతో దాచిన గుడ్డల్లో చుడితే అలాంటి బిడ్డకు రక్తకణాలు విరిగి ప్రాణం మీదికి వస్తుంది. పొత్తిళ్లకు అమ్మమ్మ పాత చీర తీసే ఇళ్లు మనవి, ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి.

వస కొమ్ము, లవంగాలు, వట్టివేరు మంచి ప్రత్యామ్నాయాలు. చిన్న సంచిలో కట్టి పెట్టి, వాసన తగ్గాక మార్చండి. వేపాకు పెట్టేవాళ్లు అది గలగలలాడేలా ఎండిందో లేదో చూసుకోండి. పచ్చి వేపాకు తేమను తనతో తెస్తుంది. ఏది పెట్టినా చెమట, తిండి మరకలు ఉన్న చీరను పురుగు వదలదు, కాబట్టి శుభ్రమే అసలు మందు.

9. ఏడాదిలో ఎప్పుడెప్పుడు తీయాలి

మూడు నాలుగు నెలలకోసారి అని అందరూ చెబుతారు. మన వాతావరణానికి నేను చెప్పే లెక్క వేరు.

రథసప్తమి రోజుల్లో ఒకసారి. అరసవల్లిలో స్వామి దర్శనానికి జనం బారులు తీరే ఆ రోజుల్లో ఎండ తేలిక, గాలి పొడి. ఏడాదిలో పెద్ద పని అప్పుడే పెట్టుకోండి: బీరువా ఖాళీ చేసి, మూలలు తుడిచి, చీరలన్నీ విప్పి పరిచి, మడత మార్చండి. పొద్దున మంచు విడిచాక, పది దాటాక మొదలుపెట్టి, మూడింటికల్లా లోపలికి తెచ్చేయండి.

మృగశిర కార్తెకు ముందు రెండోసారి. వానలు పడకముందే గంజి చీరల సంగతి, సిలికా పొట్లాల సంగతి చూసుకోవాలి.

దసరా ముందు మూడోసారి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను, చుట్టాలొస్తారు, చీరలు ఎలాగూ బయటికొస్తాయి. కట్టేవి మాత్రమే కాకుండా, కట్టనివి కూడా ఆ రోజు మడత విప్పండి.

ముసురు రోజుల్లో బీరువా తలుపులు బార్లా తెరిచి "గాలి తగలనీ" అని వదిలేయకండి. అప్పుడు లోపలికొచ్చేది తడిగాలే.

మడత మార్చడమంటే మళ్లీ అదే గీత మీద తిరగేయడం కాదు. మూడు మడతలుగా ఉన్నదాన్ని నాలుగు చేయండి, లేదా పాత గీత నుంచి జానెడు పక్కకు జరపండి. పాత గీత మీద వేలు నడిపి చూడండి. గీత కరుగ్గా తగిలినా, వెలుతురుకు పట్టి చూస్తే పోగుల మధ్య సందు కనిపించినా, ఆ చీర మడత వయసు దాటిందని అర్థం. దాన్ని ఎలా దాచాలో ఆఖర్లో చెప్పాను.

బూజు కనిపిస్తే ఇంట్లో దులపకండి, మిగతా చీరలకు అంటుతుంది. బయటికి తీసుకెళ్లి, నీడలో పూర్తిగా ఆరాక, మూతికి గుడ్డ కట్టుకుని బ్రష్‌తో దులపండి. వాసన పోవడానికి మూడు నాలుగు రోజులు గాలి పట్టించండి. సెంటు కొట్టి వాసన కప్పేయకండి, లోపల బూజు అలాగే ఉంటుంది.

10. నల్లబడ్డ జరీకి

చింతపండు, నిమ్మరసం, టూత్‌పేస్టు, వెండి సామాను తోమే పొడి, ఇవేవీ రాయకండి. వెండి గిన్నెకు తోమితే నలుపుతో పాటు పోయేది కాస్త వెండే. జరీకి తోమితే పోయేది పైనున్న బంగారు పూత, కిందున్న పట్టుదారం. మెత్తటి పొడిగుడ్డతో ఒకే వైపుకు మెల్లగా తుడవండి. పైపై నలుపైతే కొంత తగ్గుతుంది. లోతుగా ఉంటే అలాగే ఉంచండి. అంచు పూర్తిగా చెడి, ఒళ్లు బాగుంటే కొత్త అంచు కుట్టించుకోవచ్చు. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని వచ్చేవాళ్లకు జరీలో వెండి ఉందో లేదో చూసుకోకుండా ఇచ్చేయకండి. మొదటి అంచెలో చెప్పిన గీకుడు పరీక్ష ఇక్కడ పనికొస్తుంది.

11. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్. మన జిల్లాలకు ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే ముప్పు కాదు, దసరా, దీపావళి చుట్టుపక్కల ఏ ఏడైనా రావచ్చు. మనుషులు, కాగితాలు, మందులు భద్రమయ్యాకే చీరల జోలికి రండి.

ప్లాస్టిక్ వాడాల్సిన సందర్భం ఇదొక్కటే. గుడ్డలో చుట్టిన మూటలను దళసరి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి కట్టి, అటక మీద కాకుండా గది మధ్యలో ఎత్తైన బల్ల మీద పెట్టండి. రేకులు లేచిపోతే ముందు తడిసేది అటకే. గాలివాన తగ్గిన రెండు రోజుల్లోపు సంచులు విప్పేయండి.

తడిసిపోతే మొదటి కొన్ని గంటలే కీలకం. కరెంటు ఉండదు, ఫ్యాను తిరగదు. అయినా చీరలను ముద్దగా వదలకండి. ఒకదాన్నొకటి విడదీయండి, ముదురు రంగులు ఒకవైపు, లేతవి ఒకవైపు. వరద నీళ్లలో మట్టి, మురుగు కలిసి ఉంటాయి, కాబట్టి తాగడానికి పనికొచ్చేపాటి శుభ్రమైన నీళ్లు దొరికితే ఒక్కసారి జాడించండి. లేకపోతే అలాగే పరవండి, మురికినీళ్లలో మళ్లీ ముంచకండి. తడి పట్టు బలహీనంగా ఉంటుంది, ఒక చివర పట్టుకుని లేపితే సొంత బరువుకే చిరుగుతుంది. కింద తువ్వాలు వేసి రెండు చేతులతో ఎత్తండి. అరుగు మీద, మంచాల మీద, చాపల మీద, ఎక్కడ చోటుంటే అక్కడ పరిచి గంటకోసారి తిరగేయండి. రంగు దిగిందని ఏడుస్తూ కూర్చోకుండా ముందు ఆరబెట్టండి. రంగు సంగతి రంగులేసేవాళ్లతో తర్వాత మాట్లాడుకోవచ్చు, బూజు పట్టి కుళ్లిన గుడ్డను ఎవరూ బాగు చేయలేరు.

12. ఇప్పటికే చీలడం మొదలైన పాత చీర

ఉతక్కండి, కట్టుకోకండి, మడవకండి. చీలినచోట సెల్లోటేపు, జిగురు పెట్టకండి. కింద అదే రంగు పల్చటి మల్లు గుడ్డ ముక్క ఆనించి, సన్నటి సూదితో, పట్టుదారంతో, బలం ఉన్న భాగంలో వదులుగా కుట్లు వేయించండి. రఫ్ఫు తెలిసిన మనిషి దొరికితే వాళ్లకే ఇవ్వండి.

తర్వాత చుట్టి దాచండి. బట్టల షాపుల్లో తాన్లు చుట్టి వచ్చే అట్టగొట్టం అడిగితే ఇస్తారు. చీర పన్నా కంటే జానెడు పొడుగ్గా ఉండాలి. దాని మీద తెల్లగుడ్డ రెండు చుట్లు చుట్టి, ఆ మీద చీరను, జరీ లోపలికి రాకుండా బయటివైపుకు ఉండేలా, మధ్యలో ఒక పొర మల్లు గుడ్డతో కలిపి వదులుగా చుట్టండి. బిగించి లాగకండి. పైన మళ్లీ గుడ్డ చుట్టి రెండు చివర్లా పీలికతో కట్టండి. అంత పొడుగు గొట్టం బీరువాలో పట్టకపోతే మంచం కింద వద్దు, బీరువా పైన పడుకోబెట్టి మీద దుప్పటి కప్పండి. నిలబెడితే చీర జారి కింద ముడతలు పడుతుంది. ఏ చీరో, ఎవరిదో, ఎప్పుడు చుట్టారో ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి, చీరకు కాకుండా పై గుడ్డకు కుట్టండి. రథసప్తమికి మిగతా చీరలతో పాటు దీన్నీ విప్పి, ఒక గంట గాలి పట్టించి, ఈసారి రెండో చివర నుంచి చుట్టండి.